రేవు పెట్టె

మొదటిది తవుడు డబ్బాలో కట్టాను.
తీగ మీటగానే డబ్బా అంతా వణికి
రైసుమిల్లు గొంతుతో దగ్గింది.
తరవాతది రొయ్యల ఐసు పెట్టె.
థర్మాకోల్ కదా, శబ్దాన్ని దూదిలా మింగేసింది.
పైగా గంటసేపు పక్కన కూచుంటే
కెజియా గిటారుకి కూడా నీచు వాసన.
"ఆదివారం దీన్ని గుళ్ళోకి తెస్తే
పిల్లులొస్తాయి ఆరాధనకి" అంది.

ఆపైన చాన్నాళ్ళు సోల్డరింగ్ కడ్డీ చల్లగానే పడుంది.
చెరువుల గట్టున ఏరేటర్ మోటార్లు విప్పుకుంటూ
కాలిన రాగితీగ పీకి కొత్తది చుట్టుకుంటూ
చుట్ల లెక్క తప్ప
వేరే తాళం లేదు నాకు.

వంతెన పడ్డాక మా రేవు ఆగిపోయింది.
పంటు ఒడ్డెక్కి తుప్పులో కూరుకుపోయింది.
టిక్కెట్ల గుమాస్తా గుబ్బల త్రిమూర్తులు గారింట్లో
పంపు మోటారు చూడ్డానికెళ్తే
పెరట్లో ఓ పెట్టె, పైన పెట్ట పొదుగుతోంది.
టేకు. ఇత్తడి మూలలు.
మీద చిల్లర వేసే సన్నని నోరు.

"ముప్పై ఏళ్ళు దాని నోట్లో డబ్బులు పోశాను,
ఒక్క మాట తిరిగి అన్లేదు.
పట్టుకుపో. కోడికి గంప చూస్తాన్లే, ఆయ్."

రెట్ట గీకితే పక్క చెక్క మీద సిరా అక్షరాలు:
మనిషి, రూపాయి. సైకిలు, అర్ధ.
మేక, పావలా. మేకపిల్ల, ఊరికే.
గరుకు కాగితం అక్కడిదాకా వచ్చి
ఆగిపోయింది.

ముందు చెక్కకి గుండ్రంగా కన్నం కోశాను.
మూలపడ్డ పెళ్ళిళ్ళ బస్సులోంచి ఆరంగుళాల స్పీకరు,
పిడుగు పడ్డ టీవీలో బతికి బయటపడ్డ ఐసీ,
వాల్యూము తిప్పడానికి దగ్గుమందు సీసా మూత.
స్పీకరు మీద గుడ్డ కావాలంటే
కెజియా వాళ్ళమ్మ మార్తమ్మ గారు
లేసు ముక్కొకటి తెచ్చిచ్చింది.
పసుపు మరకుందని ఏజెంటు వెనక్కి కొట్టిందట.
పదకొండు రోజుల పని.
"కన్నాలే కదరా దాని అందం,
నీ పాట దూరుతుందిలే."

దూరింది పాట కాదు, గుర్రు.
స్విచ్ వేస్తే చాలు
పెట్టెలో ఎవరో భోంచేసి పడుకున్నట్టు.
కెపాసిటర్ మార్చాను. తీగలు మెలిపెట్టాను.
చివరికి రాగి కడ్డీ తీసుకుని
దొడ్లోకెళ్ళి దిగ్గొట్టాను.
ఈ లంక నేలలో రెండడుగులకే నీరు,
కడ్డీ చప్పుడు లేకుండా దిగింది.
నేలకి చెప్పుకున్నాక చాలామటుకు తగ్గింది.
పూర్తిగా పోలేదు.
అవతల చెరువుల్లో మోటార్లు తిరిగినంతసేపూ
నా పెట్టెలో సన్నగా తిరుగుతూనే ఉంటాయి.
అన్నీ నేను చుట్టిన కాయిళ్ళే.
ఎవరి మీద పోట్లాడను?

ఆ సాయంత్రం కెజియా లావు తీగ మీటింది.
పెట్టె పైనున్న చిల్లర నోట్లోంచి
ఉఫ్ మని గాలి.
అరచెయ్యి అడ్డం పెట్టి చూశాం,
ఒకరి తరవాత ఒకరం, చిన్నపిల్లల్లా.
మళ్ళీ మీటింది. మళ్ళీ ఊదింది.
ఇంత కాలం మింగిందంతా
ఇప్పుడు బయటికొస్తోంది కాబోలు.

త్రిమూర్తులు గారు బకెట్టు బోర్లించి కూచున్నాడు.
ఏమీ అన్లేదు. పాదంతో తాళం కూడా వెయ్యలేదు.
పాట అయ్యాక లేచి
పంచె ముడి విప్పి, రూపాయి తీసి,
పెట్టె నోట్లో వేసి
వెళ్ళిపోయాడు.
అలవాటో, మెచ్చుకోలో, మాకు తెలీదు.

ఇప్పుడు ఒక స్వరం దగ్గర
ఆ రూపాయి లోపల గిజగిజలాడుతుంది.
ఒక్క స్వరానికే. మిగతా అన్నిటికీ నిద్ర.
"ఆ జీర ఏంటమ్మా, తీయించెయ్యి" అంటారు పాస్టరు గారు.
నాలుగు స్క్రూలు. రెండు నిమిషాల పని.
కెజియా నాకేసి చూస్తుంది, నేను పెట్టెకేసి.

ఛార్జీ ఇచ్చి ఎక్కిన మనిషిని
నడి గోదాట్లో దించేస్తామా ఎక్కడైనా.